ఇటు పార్టీ, అటు పార్టీ, మా బాబాయి

మా బాబాయికి శత్రువులు లేరు. ఫ్లాట్ల బ్రోకరుకి శత్రువులు లేకపోవడమేమిటని అనుమానం రావచ్చు. అమ్మేవాడు ఆయన్ని తన మనిషే అనుకుంటాడు. కొనేవాడూ అంతే. ఇద్దరి దగ్గరా తలా ఒక శాతం పుచ్చుకుని, రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ ఇంట్లో భోజనం, ఈ ఇంట్లో గృహప్రవేశం పులిహోర తిని మరీ వస్తాడు.

కరెంటాఫీసులో రిటైరయ్యాక కూకట్‌పల్లిలో ఈ పనిలో దిగాడు. దిగాడనడం కూడా సరికాదు, అది వంశంలోనే ఉంది. మా ముత్తాత పశువుల సంతలో మధ్యవర్తి. కండువా కింద ముందు అమ్మేవాడి వేళ్ళు, తర్వాత కొనేవాడి వేళ్ళు పట్టుకుని ఎడ్ల జత ధర తేల్చేవాడట. పైకి ఒక్క మాట వినపడేది కాదు. ఎవరి వేళ్ళు ఏమన్నాయో మధ్యనున్న మనిషికి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. బాబాయికి కండువా లేదు, వాట్సాప్ ఉంది.

ఆయన జేబులో రబ్బరుబ్యాండు వేసిన చిన్న నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. ఎడమ పేజీలో అమ్మేవాళ్ళు, కుడి పేజీలో కొనేవాళ్ళు. ఒక్కో పేరుకీ రెండు అంకెలు, పైది 'చెప్పేది', కిందది 'లాస్టు'. ఎవరైనా పక్కన కూర్చుంటే కింది అంకె మీద బొటనవేలు పెట్టి మాట్లాడతాడు. ఆ బొటనవేలి మీదే మా కుటుంబంలో రెండు పెళ్ళిళ్ళు జరిగాయని పిన్ని అంటుంది.

ఆ మధ్య నిజాంపేటలో ఒక రెండు బెడ్‌రూముల ఫ్లాటు బేరానికొచ్చింది. అమ్మేవాళ్ళు 92 లక్షలు చెప్పమన్నారు, 85 వచ్చినా ఇచ్చేద్దామని చెవిలో వేశారు. కొనేవాళ్ళు 80 దగ్గర మొదలుపెట్టారు, మరీ తప్పకపోతే 90 దాకా వెళ్తామని వాళ్ళూ చెవిలోనే వేశారు. చెవులు రెండైనా తల ఒకటే. 85కీ 90కీ మధ్య ఎక్కడ తెంచినా ఎవరూ కాదనరని ఆ లోకంలో తెలిసిన మనిషి మా బాబాయి ఒక్కడే. తెలిసీ ఎవరి పక్షాన మాట్లాడాలి? అమ్మేవాడికి నిజం చెబితే కొనేవాడు మునుగుతాడు, కొనేవాడికి చెబితే అమ్మేవాడు మునుగుతాడు.

ఆ ఫ్లాటుకి వేసవిలో ట్యాంకర్లు రావాలి. బాబాయి అబద్ధమాడడు, అది ఆయన గర్వం. అమ్మేవాడి దగ్గరికెళ్ళి, "ఎండాకాలం మీ బిల్డింగు ముందు ట్యాంకర్లు నిలబడతాయని ఊరంతా తెలుసండీ, ఎక్కువ ఆశపడకండి" అన్నాడు. కొనేవాడి దగ్గరికొచ్చి, "మంజీరా కనెక్షన్ ఉందండీ" అన్నాడు. రెండూ నిజాలే. ఒక నిజం ధర దించడానికి, ఇంకొకటి కొనేవాణ్ణి నిలబెట్టడానికి. ట్యాంకరు సంగతి కొనేవాడికి ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఆయన అడగలేదురా అబ్బాయ్" అన్నాడు. తూర్పు గుమ్మమైతే కొనేవాడికి వాస్తు మహత్యం చెబుతాడు. దక్షిణమైతే, "ఈ రోజుల్లో వాస్తు ఎవరు చూస్తున్నారండీ, లోను వస్తుందా రాదా అన్నదే వాస్తు" అంటాడు. అదే దక్షిణాన్ని అమ్మేవాడి ముందు ప్రస్తావించేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, తండ్రి పోయిన కబురు మోసుకొచ్చినవాడిలా మొహం పెడతాడు.

సిట్టింగు రోజున ఆయన్ని చూడాలి. అమ్మేవాళ్ళని హాల్లో కూర్చోబెట్టి, కొనేవాళ్ళని కింద పార్కింగులో కుర్చీలేసి ఉంచాడు. మధ్యలో లిఫ్టు. పైకెళ్ళేటప్పుడు నిట్టూరుస్తాడు, కిందికొచ్చేటప్పుడు చిరునవ్వు. చివరికి 87 దగ్గర తెగింది. ఎందుకు 87? లెక్కా లేదు, న్యాయమూ లేదు. వారం తిరిగితే మూఢం మొదలు. మూఢంలో టోకెన్ ఎవడిస్తాడు?

ఈ 87 గుట్టు నాకు తర్వాత లెక్క వేస్తే తెలిసింది. 85కి తెగితే రెండు వైపులా కలిపి ఆయనకొచ్చేది లక్షా డెబ్బై వేలు. 90కి తెగితే లక్షా ఎనభై. అంటే ఆ రెండు కుటుంబాలు తలలు బద్దలు కొట్టుకుంటున్న అయిదు లక్షలు మా బాబాయి జేబులో పది వేలు. ఆ పది వేల కోసం ఆయన గొంతెందుకు చించుకుంటాడు? బేరం చెడితే మాత్రం సున్నా. ఆయన అమ్మేవాడి పక్షమూ కాదు, కొనేవాడి పక్షమూ కాదు, రిజిస్ట్రేషన్ తేదీ పక్షం.

లా చదువుతున్న మేనల్లుడొకడు ఓ పండక్కి ఆయన్ని ఇరికిద్దామని చూశాడు. ఏజెంటు అన్నవాడు తనను పెట్టుకున్న మనిషికి చెప్పకుండా, ఒప్పించకుండా, ఆ వ్యవహారంలో తన సొంతానికి బేరం చేసుకుంటే ఆ మనిషి దాన్ని కాదనే వీలు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉందన్నాడు. బాబాయి బూరె నముల్తూ, "నేనేమన్నా కొంటున్నానా, అమ్ముతున్నానా? నడుస్తున్నాను, అంతే" అన్నాడు. 2016లో రెరా వచ్చి ఏజెంట్లంతా నమోదు చేసుకోవాలంటున్నారు కదా అంటే, "అది కొత్త ప్రాజెక్టులకిరా. మనవన్నీ పాత ఫ్లాట్లు. పాత ఫ్లాటుకి రెరా లేదు, నేనే ఉన్నాను" అన్నాడు.

నిరుడు కూతురి దగ్గరికి డాలస్ వెళ్ళాడు. ఫ్రిస్కోలో వాళ్ళు ఇల్లు కొంటున్నారు. చూస్తే అమ్మేవాళ్ళ తరఫునా, వీళ్ళ తరఫునా ఒకటే కంపెనీ. టెక్సస్‌లో అలా జరిగితే ఇద్దరి దగ్గరా ముందే రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. ఆ కంపెనీ మధ్యవర్తిగా నిలబడి, ఒక్కో వైపుకి ఒక్కో ఏజెంటును వేయవచ్చు. చెప్పిన ధరకన్నా తక్కువకైనా అమ్మేవాడు ఒప్పుకుంటాడన్న సంగతి, అతను రాసిస్తే తప్ప, కొనేవాడి చెవిన పడకూడదు. కొనేవాడు ఇంకా ఎక్కువ పెట్టగలడన్నదీ అంతే. మా బాబాయి ఆ కాగితాన్ని కళ్ళద్దాలు తుడుచుకుని రెండు సార్లు చదివి, "నోరు మూసుకోడానికి సంతకాలెందుకే? నేనైతే ఊరికే మూసుకుంటాను" అన్నాడట. కూతురు ఒప్పుకోలేదు. "నువ్వు మూసుకోవు నాన్నా. బేరం ఆగేట్టుంటే చెంచాడు వదుల్తావు" అందిట. నిజమే. ఇద్దరి గుట్టూ ఆయన దగ్గర భద్రం. కాకపోతే సిట్టింగు మూడో గంటలో పడితే, "మీరింకో లక్ష పైకొస్తే వాళ్ళు కాదనరని నాకెందుకో అనిపిస్తోందండీ" అంటాడు. ఆ 'ఎందుకో' నోటుపుస్తకంలో ఎడమ పేజీలో ఉంటుంది.

తిడుతున్నాను గాని, మేమే ఆయన్ని అలా చేశాం. మా చుట్టాల్లో ఫ్లాటు చూసుకునే ప్రతివాడూ రాత్రి తొమ్మిదింటికి ఆయనకు ఫోన్ చేసి, "బాబాయ్, వాళ్ళ లాస్టు ఎంతో నాకొక్కడికి చెప్పవూ" అంటాడు. నేనూ అన్నాను. అవతలివాడి గుట్టు నాకు చెప్పాలి, నాది మాత్రం అవతలివాడికి చెప్పకూడదు. ఇంత సుళువైన న్యాయం ఇంకోటి లేదు. పక్షపాతం లేని బ్రోకరు ఎవరికి కావాలి? నా పక్షాన ఉంటూ అటు పక్షం వాడిలా నటించేవాడు కావాలి. అటువాడికీ అదే కావాలి. బాబాయి ఇద్దరినీ సంతోషపెట్టాడు. ఇందులో ఆయన నేరమెంతో నేను తేల్చలేను. నా ఫ్లాటు రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట కొబ్బరిబోండం తాగిస్తూ, "నీకని చెప్పి అర శాతమే తీసుకుంటున్నా" అన్నాడు. అమ్మినాయనతో కూడా అదే మాట అన్నాడని, ఆయనా బోండం తాగుతూనే నాతో చెప్పాడు.

ఇప్పుడు బాబాయి తన ఫ్లాటే అమ్మకానికి పెట్టాడు. మోకాళ్ళు ఊరుకోక, గ్రౌండ్ ఫ్లోర్‌కి మారదామని. తన ఫ్లాటుకి తనే బ్రోకరైతే బాగుండదని, ఇంకొకణ్ణి చూడమని నాతో అన్నాడు. ముగ్గురిని తీసుకెళ్ళాను. ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాడు: "మీరు కొనేవాళ్ళ దగ్గర కూడా తీసుకుంటారా?" తీసుకుంటామన్నారు, అది లోకంలో ఉన్నదే కదా. "అయితే కుదరదు. నాకు పూర్తిగా నా తరఫు మనిషి కావాలి. అటువాళ్ళతో కలిసి టీ కూడా తాగకూడదు" అని పంపించేశాడు. మూడోవాడు గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచాడు.

"సరే, ఎలాగూ అటువైపు ఒక శాతం వస్తోంది కదా. నా దగ్గర పావు తీసుకో."