బెన్యామీను వంతు

అనకాపల్లిలో ఆ సందు చివరి ఇంట్లో తెల్లవారుజామున అయిదింటికి చప్పట్లు మొదలవుతాయి. కొట్టేది మామ్మ. "లెగండర్రా, పాటెత్తుకోవాలి" అని ఒక కేక. చాపల మీంచి, మంచాల మీంచి, ఆఖరికి వంటింటి గడప పక్క నుంచి కూడా మనుషులు లేస్తారు. మొత్తం పద్నాలుగు మంది. తాతయ్య, మామ్మ, అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని, పెళ్ళి మాట ఎత్తగానే బైబిల్ తెరిచే మేనత్త, వీళ్ళు ఏడుగురు. అన్నదమ్ములిద్దరి పిల్లలు కలిసి ఇంకో ఏడుగురు. బాత్రూమ్ మాత్రం ఒకటే.

ఆ ఏడుగురు పిల్లల్లో అయిదోవాడు మన కథానాయకుడు. పదహారేళ్ళు, ఇంటర్ మొదటి ఏడాది. పేరు చెప్పనక్కర్లేదు. ఉత్తరాంధ్రలో ఏ చర్చికైనా వెళ్ళండి, కీబోర్డ్ వెనక సగం తల కనబడుతూ ఇలాంటివాడు ఒకడుంటాడు. ఇంట్లో వీణ్ణి "గుంటడా" అని పిలుస్తారు. పిలిస్తే ముగ్గురు పలుకుతారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఈ లెక్క వీడే ఒకరోజు ఫోన్లో చదివి వినిపిస్తే, "పాయింటు ఏడు గుంటడు ఎలాగుంటాడ్రా?" అని మామ్మ అడిగింది.

"నాలాగే" అన్నాడు.

ఆ జవాబులో ఏడుపు లేదు, అనుభవం ఉంది. పెద్ద పిల్లకి పెద్దరికం దక్కుతుంది, ఆఖరివాడికి గారం దక్కుతుంది. మధ్యలోవాడికి దక్కేది వంతు. యాకోబు కొడుకులు పన్నెండు మందిలో పెద్దవాడు రూబేను అందరికీ తెలుసు, కలలు కన్న యోసేపు తెలుసు, చిన్నవాడు బెన్యామీను తెలుసు. అయిదోవాడెవడని బైబిల్ క్విజ్‌లో అడిగితే లేచిన చేతులు సగం దిగిపోతాయి. దాను అని ఠక్కున చెప్పేది మనవాడొక్కడే. సొంత కేసు కదా.

పొద్దున్న కుటుంబ ప్రార్థనలో తలో వచనం చదవడం ఆ ఇంటి పద్ధతి. అధ్యాయం తాతయ్య చెబుతాడు. 117వ కీర్తన అన్నాడంటే పండగే. ఉన్నవి రెండే వచనాలు, తాతయ్యదొకటి, మామ్మదొకటి, అయిపోయింది. 119 అన్నాడంటే 176 వచనాలు. తలా పన్నెండు పంచుకున్నా ఇంకా ఎనిమిది మిగులుతాయి. మనవాడి భక్తి ముందు లెక్కతో మొదలవుతుంది. తనకు ముందు ఎంతమంది, తనకొచ్చే వచనం ఏది, అందులో నోరు తిరగని పేర్లెన్ని అని చూసుకుని, వేలు అక్కడే ఉంచి, లోలోపల సాధన చేస్తాడు. మిగతావాళ్ళు చదివేది చెవిన పడదు. సరిగ్గా తన వంతుకి ముందు బాబాయికి ఫోనొస్తుంది, ఆయన లేచి బయటికెళ్తాడు. వరస ఒక మనిషి ముందుకు జరుగుతుంది. వీడు సాధన చేసిన సులువైన వచనం పిన్నికి పోతుంది. బాబాయి వదిలేసిన యెషయా ఎనిమిదో అధ్యాయం మూడో వచనం వీడి నెత్తిన పడుతుంది. అందులో ప్రవక్త కొడుకు పేరుంటుంది: మహేరు షాలాల్ హాష్ బజ్. ఆ పిల్లాణ్ణి ఇంట్లో ఏమని పిలిచేవారో గాని, బహుశా వాణ్ణీ గుంటడనే అని ఉంటారు.

తరవాత మామ్మ ప్రార్థన. ఇంట్లోవాళ్ళ పేర్లు, వాళ్ళ జబ్బులు, బాకీలు, పక్కింటి గేదె ఈనడం, అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో కుట్టుపనికి వెళ్ళే పెద్దప్ప ఎక్కే బస్సు, ముఖ్యమంత్రి నుంచి కరెంటు లైన్‌మ్యాన్ దాకా అధికారులు, అందరూ అందులోకి వస్తారు. ఇరవై నిమిషాలకు తక్కువ కాదు. ఆ ఇరవై నిమిషాలే మన కుర్రాడికి ఆ రోజు మొదటి సుఖం. మోకాళ్ళూని, మంచానికి తల ఆన్చి, కళ్ళు మూసుకుంటే ఇంకెక్కడైనా దాన్ని నిద్ర అంటారు. ఇక్కడ భక్తి అంటారు. చివర ఆమేన్ మాత్రం అందరితోపాటు పడాలి. వీడు నిద్రలో కూడా దాన్ని సరిగ్గా అందుకుంటాడు. గురక పెట్టి దొరికిపోయేది ఎప్పుడూ తాతయ్యే.

వీడికి రెండు తెలుగులు వచ్చు. ఒకటి ఊరిది, ఒకటి బైబిల్‌ది. రెండోదాని కథ పాతది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో పక్కనున్న విశాఖపట్నంలో దిగారు. క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడి సాయంతో డెస్ గ్రాంజెస్ తెలుగు చేసిన సువార్తలు, ఆయన పోయిన రెండేళ్ళకు, 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. ఊళ్ళో తెలుగు ఎన్ని మలుపులు తిరిగినా తాతయ్య చేతిలోని బైబిల్ తెలుగు ఇప్పటికీ గ్రాంథికంలోనే ఉంది. అందుకే, "ఏట్రా, నా చార్జరట్టుకుపోనావా?" అని తమ్ముడి మీద అరిచిన నోరే అరనిమిషంలో "తండ్రీ, నీ సన్నిధిని చేరియున్న మమ్మును కటాక్షించుము" అని అందుకుంటుంది. పదో తరగతిలో తెలుగు మాస్టారు వీడి వ్యాసంలో "ఏలయనగా" అన్న మాట చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఇంగ్లీషు మీడియం కుర్రాడు ఇలా రాయడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి.

ఆదివారం వీడి రాజ్యం. కీబోర్డ్ చర్చిదే అయినా మూడు గంటలసేపు దాని మీద చెయ్యి వేసే హక్కు వీడొక్కడిది. ఇంట్లో దువ్వెన కూడా అలా సొంతం కాదు. వీడికి బాగా వచ్చింది సి స్కేలొకటే, మిగతా స్కేళ్ళ సంగతి ట్రాన్స్‌పోజ్ బటన్ చూసుకుంటుంది. తంటా అంతా తాతయ్య తరం పాటలతోనే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) లాంటివాళ్ళు శాస్త్రీయ బాణీలో కట్టిన కీర్తనలవి. ముందు వరసలో తాతయ్య తొడ మీద ఆదితాళం వేస్తుంటే, వెనక మనవడు డిస్కో బీట్ నొక్కుతాడు. రెండూ మూడో చరణం దగ్గరెక్కడో కలుస్తాయి. కలిసినచోట సంఘమంతా గట్టిగా చప్పట్లు కొడుతుంది. అది ఆనందమో, ఊరటో వీడు అడగడు.

మధ్యాహ్నం కోడికూర. పద్నాలుగు మందికి రెండు కోళ్ళు, అంటే నాలుగు కాళ్ళు. సృష్టిలో అయిదో రోజున దేవుడు పక్షుల్ని చేసినప్పుడు కోడికి ఇంకో రెండు కాళ్ళు పెట్టి ఉంటే ఈ ఇంట్లో సగం తగాదాలు ఉండేవి కావని వీడి అభిప్రాయం. ఒక కాలు తాతయ్యకి. ఒకటి ఆఖరివాడికి. ఒకటి కోళ్ళు కొన్నందుకు బాబాయికి. నాలుగోది కచ్చితంగా ఆ వారమే భోజనానికొచ్చే పాస్టరయ్యగారికి. "వందనాలు అయ్యగారూ" అంటూ ఆ కాలు ఆయన కంచంలో వేయాల్సినవాడు కూడా వీడే. ఆదికాండం 43వ అధ్యాయంలో యోసేపు బల్ల దగ్గర బెన్యామీనుకి అన్నల కంటే అయిదు రెట్లు వడ్డించారని ఉంటుంది. సండే స్కూల్లో ఆ కథ విని పిల్లలంతా అన్నదమ్ములు కలిశారని సంతోషిస్తుంటే వీడు చెయ్యెత్తాడు. "మిగతా పదిమందికి ముక్కలు సరిపోయాయా టీచర్?" అప్పటినుంచి ఇంట్లో ఎవరి కంచంలో ఎక్కువ పడినా దాన్ని "బెన్యామీను వంతు" అనడం అలవాటైంది. మాట పుట్టించినవాడికి మాత్రం ఆ వంతు ఇంకా రాలేదు.

డిసెంబర్ 31 రాత్రి మాత్రం అందరికీ సమానమే. సారాయి కొట్లో గడిచే రాత్రుల్ని ప్రార్థనకు మళ్ళించాలని ఇంగ్లండ్‌లో కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికుల మధ్య మెథడిస్టులు 1740ల్లో మొదలెట్టిన జాగరణ కూటం, వాచ్‌నైట్ సర్వీసై మన ఊళ్ళకూ వచ్చింది. పన్నెండు కొట్టాక తలా ఒక వాగ్దాన కార్డు తీసుకోవాలి. 2024 నవంబర్‌లో రాష్ట్ర శాసనసభ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. ఆ వెంటనే వచ్చిన వాచ్‌నైట్‌లో డెబ్భై ఎనిమిదేళ్ళ తాతయ్య తీసిన కార్డులో సంతానాభివృద్ధి గురించిన వాక్యం వచ్చింది. "ప్రభుత్వం, పరలోకం ఒకే మాట మీదున్నాయి నాన్నా" అన్నాడు బాబాయి. మామ్మ ఆయన్ని హ్యాండ్‌బ్యాగుతో కొట్టింది, చర్చిలోనే.

కనుమ నాడు ఊళ్ళోవాళ్ళతోపాటు వీళ్ళూ బాబాయి ఆటోలో శంకరం వెళ్ళి బొజ్జన్నకొండ ఎక్కుతారు. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపిన బౌద్ధ క్షేత్రమది. బుద్ధుడి కొండ, హిందువుల పండగ, క్రైస్తవుల పులిహోర. మనవాడు మూడింటికీ న్యాయం చేస్తాడు.

అసలు పరీక్ష ఊరి అమ్మవారు నూకాలమ్మ జాతరలో వస్తుంది. ఆ జాతర మొదలయ్యే కొత్త అమావాస్య చాలా ఏళ్ళు ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాస కాలంలోనే పడుతుంది. 2025లో అమావాస్య మార్చి 29న, ఈస్టర్ ఏప్రిల్ 20న. ఊరంతా వెలిగిపోతుంటే ఇంట్లో చప్పిడి కూరలు. ఉపవాస కాలంలో ఇష్టమైనదేదో ఒకటి వదులుకోవాలంటే, కోడికాలు త్యాగం చేస్తున్నానని ప్రకటించాడు. ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఇక జాతరకు పోవచ్చా కూడదా అన్న వాదన రెండు రాత్రులు నడిచింది. మామ్మ వద్దంది. మేనత్త పౌలు పత్రికలు తిరగేసింది. చివరికి పిన్ని తీర్పు చెప్పింది: "జెయింట్ వీల్‌కి మతమేటత్తా?" నూకాలమ్మకు మొక్కుకునే ఇంటి స్నేహితుడి భుజం పట్టుకుని చక్రం పైకెళ్ళినప్పుడు, భయంతో వీడు "యేసయ్యా" అన్నాడు, వాడు "తల్లీ" అన్నాడు. ఇద్దరూ క్షేమంగా దిగారు.

కోత పండుగ కోడి గురించి కూడా చెప్పాలి. సంఘంలో తలో ఇల్లు కాయో, ధాన్యమో, కోడో కానుకగా తెస్తే ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. వీళ్ళింటి నుంచి వెళ్ళేది వీడు పెంచిన పుంజు. వేలంపాట మొదలయ్యేసరికి వీడి ముఖం చూడలేక బాబాయి చెయ్యెత్తేస్తాడు. సంగతి తెలిసిన సంఘ పెద్ద ఒకాయన కావాలని ధర పెంచుతాడు. బజార్లో దానికి వచ్చే ధరకు రెండింతలు పోసి సొంత కోడిని సొంతింటికి తెచ్చుకుంటారు. అలా మూడేళ్ళుగా ఆ పుంజు ఏటా దేవుడికి అర్పణైపోయి, సాయంత్రానికి గూట్లోకి వస్తోంది. వయసు మీద పడింది, ఇక కూరకు కూడా పనికిరాదు. ఇంట్లో వంతులు పడనిది అదొక్కటే.

డిసెంబర్ వచ్చిందంటే వీడు నేల మీద నడవడు. అమ్మ ఒకే తానులోంచి గుడ్డ చింపించి మగపిల్లలందరికీ ఒకే చొక్కా కుట్టిస్తుంది. ఒక ఏడాది నీలం చారలు. అందరూ వరసగా నడుస్తుంటే బజార్లో ఒకాయన ఏ బ్యాండుమేళం బాబూ, పెళ్ళికి ఎంత తీసుకుంటారని అడిగాడు. వీళ్ళు రేటు చెప్పారు కూడా.

రాత్రి క్యారల్స్ కోసం నక్షత్రం ఇంట్లోనే కడతారు. వెదురు బద్దలు చీల్చి, తాడుతో బిగించి, మైదా జిగురుతో రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెడతారు. బల్బుకి కరెంటు బాబాయి ఆటో బ్యాటరీ నుంచి. గడకర్ర పట్టుకుని నక్షత్రం ఎత్తేది పెద్దన్న. క్రిస్మస్ తాత వేషం, దూది గడ్డం రెండోవాడివి. డోలక్ మూడోవాడిది. ఆఖరివాడు కంజీర మోగించి అందరి చేతా ముద్దులు పెట్టించుకుంటాడు. అయిదోవాడు చీకట్లో వెనక, ఒళ్ళో పిల్లను ఎత్తుకున్నట్టు బ్యాటరీ మోస్తూ నడుస్తాడు. బరువని ఎప్పుడూ అనడు. ఆ నక్షత్రం వెలుగుతున్నది తన వల్లేనని వాడికి తెలుసు, ఎవరైనా మర్చిపోతే తీగ ఒక క్షణం ఊడదీసి గుర్తు చేస్తాడు. మర్నాడు పొద్దున్న ఆటో కదలకపోతే తోసేది కూడా వాడే.

క్యారల్స్ రోజుల్లోనే బెల్లం మార్కెట్టుకు కొత్త బెల్లం దిగుతుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఊళ్ళోనే ఉన్నాక ఇక పాకానికి లోటేముంది? సంక్రాంతి దాకా ఆగకుండా అరిసెలు వండే ఇళ్ళు ఏ వీధిలో ఎన్ని ఉన్నాయో వీడి దగ్గర లెక్క ఉంది. క్యారల్స్ దారి గీసేది వీడే మరి.

అందుకని చిన్న మనవి. డిసెంబర్లో మీరు అనకాపల్లి వైపు ఉంటే, రాత్రి పదకొండింటికి మీ గుమ్మం ముందు ఒకే రకం చొక్కాల గుంపు పాట మొదలెడితే విసుక్కోకండి. పాటయ్యాక అందరికీ తలా ఒక అరిసె పెట్టి, వెనకాల బ్యాటరీ పట్టుకున్నవాణ్ణి ముందుకు పిలిచి రెండు పెట్టండి. ఒకటి మీ ఎదుటే తింటాడు. రెండోది జేబులో వేసుకుంటాడు, ఇంటికెళ్ళాక దాన్ని ముగ్గురు పంచుకోవాలి. వీలైతే మూడోది కూడా పెట్టండి.