సింకు కిందకి వంగి చూసేవాళ్లేరీ?

మా రోజుల్లో సింకు కింద నీళ్లు కనిపిస్తే ఫోను వెతుక్కునేవాళ్లం కాదు. టార్చి పట్టుకుని నేల మీద వెల్లకిలా పడుకునేవాళ్లం. ఇప్పుడు అమెరికాలో మన పిల్లల ఇళ్లలో చూస్తున్నాను. అలమరలో కాస్త చెమ్మ తగలగానే ఓ గిన్నె అడుగున పెట్టేసి ప్లంబర్‌కి మెసేజ్ కొడుతున్నారు. అతనొచ్చి సింకు కింద చెత్త నలిపే డిస్పోజల్ మొత్తం మార్చాలంటే సరేనని తలూపుతున్నారు. నీళ్లు ఎక్కణ్ణించి కారుతున్నాయో అతనూ చూడడు, వీళ్లూ అడగరు. నా బాధంతా అక్కడే.

1965 వలస చట్టం తర్వాత వచ్చిన మా తరం ఇంజనీర్లకి, డాక్టర్లకి ఇక్కడ ప్లంబర్ ఖర్చంటే గుండె గుభేలుమనేది. సియర్స్‌లో క్రాఫ్ట్స్‌మన్ రెంచీలు కొనుక్కున్నాం. విరిగితే కొత్తది ఇచ్చేవాళ్లు. రీడర్స్ డైజెస్ట్ వాళ్లు 1973లో వేసిన లావుపాటి ఇంటిపనుల పుస్తకం చేతులు మారుతూ ఊరంతా తిరిగేది. ఎవరింట్లో ఏది కారినా శనివారం ఇద్దరు ముగ్గురం అక్కడ చేరేవాళ్లం. మా స్నేహితుడి భార్య, మేమందరం వదినగారు అని పిలిచే ఆవిడ, మొదట్లో టార్చి పట్టుకుని నిలబడేవారు. తర్వాత్తర్వాత "మీరు లేవండి అన్నయ్యగారూ, నా చెయ్యయితే ఆ సందులో పడుతుంది" అని తనే బిగించేవారు. అప్పట్లో ఆ పని ఆవిడంత శుభ్రంగా చేసినవాళ్లని నేను చూడలేదు.

డిస్పోజల్ యంత్రంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. విస్కాన్సిన్ రాష్ట్రం రసీన్‌లో జాన్ హామెస్ అనే ఆర్కిటెక్టు 1927లో దీన్ని తయారుచేశాడు, 1935లో పేటెంటు వచ్చింది. లోపల కత్తులుంటాయని చాలామంది భయపడతారు. ఉండవు. తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ ఊగే రెండు లోహపు ముక్కలు, చుట్టూ గరుకైన చక్రం, అంతే. పళ్లెం విసురుకి చెత్త ఆ గరుకు అంచుకి కొట్టుకుని నలిగి, నీళ్లతో పాటు గొట్టంలోకి పోతుంది.

నీళ్లు కారే చోట్లు కూడా నాలుగే. పైన యంత్రం సింకుకి అతుక్కునే అంచు, పక్కన డిష్‌వాషర్ గొట్టం, మురుగు బయటికి పోయే వంపు గొట్టం, అడుగు. ముందు బ్రేకర్ ఆపాలి. యంత్రాన్ని పైనుంచి కిందదాకా పొడిగుడ్డతో తుడవాలి. సింకుకి బిరడా బిగించి నీళ్లు నింపి, అందులో చిటికెడు పసుపు కలపండి. తెల్లటి కాగితం రుమాలు తీసుకుని పై అంచు చుట్టూ అద్దండి. పచ్చగా అయిందా, తప్పు పైనే ఉంది. పొడిగా ఉంటే బిరడా తీసి నీళ్లు వదిలి, పక్క గొట్టాల దగ్గర అద్దాలి. డిష్‌వాషర్ గొట్టం దగ్గరయితే క్లాంపు స్క్రూ బిగిస్తే సాధారణంగా సరిపోతుంది. వంపు గొట్టం దగ్గరయితే రబ్బరు గాస్కెట్ మార్చాలి.

పై అంచు పనే కాస్త ఓపిక అడుగుతుంది. గొట్టాలు విప్పి, యంత్రం మీద పడకుండా కింద బక్కెట్టు బోర్లించి ఆనించి, ఉంగరం తిప్పి దింపాలి. ఎండి పెళుసైన పాత పుట్టీని మొత్తం గీకెయ్యాలి. ఏ కొంచెం మిగిలినా మళ్లీ కారుతుంది. కొత్త పుట్టీని జంతికల పిండిలా అరచేతుల మధ్య తాడుగా చేసి అంచు కింద చుట్టి, మూడు బోల్టుల్నీ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటే పూర్తిగా బిగించేస్తే అంచు ఒక పక్కకి ఒరుగుతుంది.

అసలు ఆ అంచు ఎందుకు వదులవుతుందో కూడా చెప్పాలి. మునక్కాడ పిప్పి, కరివేపాకు రెమ్మలు, కొబ్బరి పీచు, మిగిలిన అన్నం అన్నీ అందులోకే తోస్తున్నారు. పీచు చుట్టుకుని పళ్లెం పట్టేస్తుంది, అన్నం ఉబ్బి గొట్టంలో అడ్డుపడుతుంది. యంత్రం గిజగిజలాడిన కొద్దీ పైన బోల్టులు కదులుతాయి. పట్టేస్తే మోటారు మూలుగుతుంది, తర్వాత ఆగిపోతుంది. అడుగున చాలావాటికి పావు అంగుళం అలెన్ కీ పట్టే కన్నముంటుంది. కరెంటు ఆపి, దానితో అటూ ఇటూ తిప్పి, పక్కనున్న ఎర్ర బొత్తాం నొక్కాలి. పట్టేసింది కాలిపోయిందనుకుని మార్పించేసినవాళ్లని నేను చూశాను. కడుపు తరుక్కుపోయింది.

ఈ మధ్య మా అబ్బాయి అన్నాడు, "నాన్నా, ఫోన్లో వీడియోలున్నాయి, కావాలంటే ఎవరైనా చేసుకోవచ్చు" అని. ఉన్నాయి, కాదనను. మాకు దొరకనంత విద్య ఇప్పుడు అరచేతిలో ఉంది. చూసినవాళ్లెవరూ సింకు కిందకి దూరరే!

ఇక మిగిలింది నాలుగో చోటు. అడుగునుంచే కారుతోందంటే లోపలి సీలు పోయి నీళ్లు మోటారు దాకా దిగాయన్నమాట. అప్పుడు ఎంత పుట్టీ పూసినా లాభం లేదు, మార్చాల్సిందే. మేమూ మార్చేవాళ్లం. అందుకే అడుగుతున్నాను, ప్లంబర్‌కి మెసేజ్ పెట్టేముందు ఓ పావుగంట కింద పడుకుని చూసి, తడి ఎక్కడుందో నాకు చెప్పండి. అడుగునే అయితే కొత్తది కొనడానికి నేనూ మీతో వస్తాను.