మనిషైతే ఆగాలి, రాయైతే సాగాలి

పాస్‌పోర్టులు పరుగులు పెడుతున్నాయట. 2025 జూన్ 24, పాస్‌పోర్ట్ సేవా దివస్ నాడు విదేశాంగ మంత్రి జైశంకర్ ఇచ్చిన సందేశం మీరూ చదివే ఉంటారు. 2014లో 91 లక్షలున్నవి 2024కు 1.46 కోట్లయ్యాయి. పోస్టాఫీసుల్లో పెట్టిన సేవా కేంద్రాలు 450కి చేరాయి. పోలీసువాళ్ళ చేతికి ఒక యాప్ ఇచ్చారు కాబట్టి చాలా రాష్ట్రాల్లో విచారణ అయిదు నుంచి ఏడు రోజుల్లో తేలిపోతోంది. పైగా చిప్పు పెట్టిన ఈ-పాస్‌పోర్టు.

సంతోషం. అయితే మా నంద్యాల జిల్లాలో ఇంతకన్నా వేగవంతమైన పద్ధతి ఒకటి ఎప్పట్నుంచో నడుస్తోంది. మంత్రిగారి చెవిన ఎవరూ వేసినట్టు లేదు కనుక నేనే మనవి చేసుకుంటాను. తొందరగా విదేశం వెళ్ళాలనుకున్నవాడు ముందు రాయి కావాలి.

నంద్యాల నుంచి కడప పోయే బస్సులో కునుకు తీస్తున్నవాడికి కూడా ఆళ్ళగడ్డ వచ్చిందని ఉలి చప్పుడే చెబుతుంది. శిల్పశాలల ముందు సగం చెక్కిన వినాయకులు, మెడ దాకానే పుట్టిన నందులు, బతికుండగా మొహాలు చూసుకోని రెండు పార్టీల నాయకులు భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉంటారు. అక్కడి శిల్పి ఒకాయన మారిషస్‌లో మనవాళ్ళు కట్టుకుంటున్న గుడికి వేంకటేశ్వరస్వామిని చెక్కాడు. మారిషస్ అంటే ఉగాదికి దేశమంతా సెలవిచ్చే దేశం. మన పాస్‌పోర్టు ఉంటే ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. ఆ గుడి కట్టుకుంటున్నవాళ్ళ ముత్తాతల్ని పందొమ్మిదో శతాబ్దంలో చెరుకు తోటలకని కోరంగి రేవులో ఓడ ఎక్కించినప్పుడు ఈ పుస్తకమే లేదు. కూలీలు కావలసి వచ్చారు, తీసుకుపోయారు.

ముందు స్వామివారి ప్రయాణం చూడండి. ఆరడుగుల నల్లరాయి. ఇంటిపేరు ముందా వెనకా అని ఎవరూ అడగలేదు. తండ్రిపేరు గడే లేదు. పదో తరగతి పాసయ్యారా అని నిలదీసి, కాలేదంటే వలస తనిఖీ ముద్ర కొట్టలేదు. కస్టమ్స్ పట్టికలో చెక్కిన రాయికి 68వ అధ్యాయం ఉంది, అందులో కూర్చోబెట్టేశారు. ఒక్క వయసు దగ్గరే కాస్త ఆపారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన విగ్రహం దేశం దాటకూడదు కాబట్టి, ఇది పాతది కాదని పురావస్తు శాఖ నుంచి పత్రం కావాలి. ఉలి గీతలింకా తెల్లగా మెరుస్తున్నాయి. చూశారు, ఇచ్చారు. భూమి పుట్టుకలో భాగం పంచుకున్న రాయి నిన్నమొన్నటిదేనని ప్రభుత్వం సంతకం పెట్టింది. చెక్క పెట్టెలో పురుగు లేకుండా వేడి పెట్టి, దాని మీదొక అంతర్జాతీయ ముద్ర వేశారు. ఆ ముద్ర కోసం పెట్టె ఇంటికి ఎవరూ రాలేదు. దాని గుణగణాల గురించి పక్కింటి పెట్టెల్ని విచారించలేదు. చెన్నై రేవులో క్రేను ఎత్తింది, ఓడ కదిలింది.

ఇక చెక్కినాయన. ప్రతిష్ఠకు ఆయనా వెళ్ళాలి కనుక తత్కాల్ పాస్‌పోర్టుకు అర్జీ పెట్టాడు. మామూలు రుసుము 1500, తొందరకు ఇంకో 2000. కాగితాలన్నీ కుదిరితే మూడో పనిదినానికి పుస్తకం పోస్టులో పడాలి. పోలీసు విచారణ తర్వాత చేసుకుంటారు. రాసిన రూలు బంగారం. అయితే ఆయన ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, ఓటరు కార్డులో వెనకుంది, పాన్ కార్డులో ‘ఆచారి’ రాలిపోయింది. పుట్టినరోజు మూడింట్లోనూ జనవరి ఒకటే. పంచాంగం చూసి ముహూర్తం పెట్టే ఇంట్లో అందరూ జనవరి ఒకటిన పుట్టడం ఏమిటన్నది ఇంకో కాలమ్. నంద్యాలలో ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు ఇంకో లోపం కూడా పట్టాడు.

“ఆధార్‌లో కర్నూలు జిల్లా అనుంది సామీ. ఇప్పుడు మనది నంద్యాల జిల్లా కదా.”

“నేను యాడికీ పోలేదు నాయనా. జిల్లానే పోయింది.”

నిజమే. 2022 ఏప్రిల్ 4న జిల్లా కదిలింది, ఆయన కదల్లేదు. అయినా రుజువు చూపించుకోవాల్సింది ఆయనే. మొత్తానికి తత్కాల్ కాస్తా మామూలు వరసలోకి జారింది. విచారణకు వచ్చిన మనిషి తాళం చూసి, చిరునామాలో లేడని రాసుకుపోయాడు. స్వామివారింకా ఓడ ఎక్కని రోజులవి. ఆయన రోడ్డుకు అవతలి పక్క శిల్పశాలలో, మోకాళ్ళ మీద కూర్చుని, స్వామివారి పాదాలకు గోళ్ళు చెక్కుతున్నాడు. చెక్కిన గోరును బొటనవేలితో తడిమి చూసుకుని, మళ్ళీ ఉలి అందుకుంటాడు. ఆ చప్పుడు వీధి వీధంతా వింటుంది. తాళం దగ్గర నిలబడ్డవాడికీ వినపడే ఉంటుంది.

ఇప్పుడు అసలు పేచీ. విగ్రహానికి కళ్ళు ఇక్కడ తెరవరు. ప్రతిష్ఠ నాడు శిల్పి బంగారు సూదితో గీస్తేనే నేత్రోన్మీలనం. అంటే స్వామివారు కళ్ళు మూసుకునే సముద్రం దాటారు. తెరవాల్సినాయనకు మాత్రం ఫొటో దగ్గర “కండ్లు బాగా తెరువు పెద్దాయనా, మూస్తే రిజెక్టయితుంది” అని చెప్పారు. ఏళ్ళ తరబడి రాతిపొడి తిన్న కళ్ళు, ఎంత తెరిచినా అంతే తెరుచుకుంటాయి.

కాబట్టి నా ప్రతిపాదన, శిలా తత్కాల్. అర్జీదారు ఒళ్ళంతా రాతిపొడి పూసుకుని, నామం పెట్టుకుని, శిల్పశాల ముందు నందికీ నాయకుడికీ మధ్య నిలబడాలి. ఆధార్ బదులు ఎత్తు, బరువు రాస్తే చాలు. విచారణకు ఎవరొచ్చినా, ఏ వేళకొచ్చినా మనిషి చిరునామాలోనే ఉంటాడు. అన్నం వేళకు ఇంటావిడ పిలిచినా పలకకూడదు. గంటల తరబడి నోరెత్తకుండా నిలబడటం పౌరులకు ఎలాగూ సాధనలో ఉన్నదే. పురావస్తు శాఖ వారు వచ్చి, నూరేళ్ళు నిండలేదని ధ్రువీకరిస్తారు. (ఫైలు ఇంకాస్త ఆలస్యమైతే ఇక్కడ చిక్కొచ్చే ప్రమాదముంది.) ఆ తర్వాత గడ్డి చుట్టి పెట్టెలో పడుకోబెట్టడమే. గాలికి రెండు బెజ్జాలు పెట్టమని అడిగితే మాత్రం సరుకు ప్రాణమున్నదని తెలిసిపోతుంది, మళ్ళీ మొదటి కిటికీ దగ్గరికి పంపుతారు. డాలస్ పోయే పిల్లలకు విద్యార్థి విగ్రహం, కాన్పుకు పోయే తల్లులకు అమ్మవారి విగ్రహం. అధికారులకు ఈ పథకం వర్తించదు. వారు కొత్తగా రాయి కావలసిన అవసరం లేదు.

తిరిగి రావడమెలా అంటారా? అది ఇంకా గౌరవంగా జరుగుతుంది. తమిళనాడు గుడిలోంచి దొంగలు ఎత్తుకుపోయిన నటరాజును 2014లో ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబాట్ స్వయంగా ఢిల్లీ తెచ్చి మన ప్రధాని చేతికి అప్పగించాడు. కువైట్‌లో యజమాని పాస్‌పోర్టు దాచేసుకుంటే ఇరుక్కుపోయిన మా సీమ ఆడమనిషి కోసం ఏ ప్రధాని విమానమెక్కాడు? విగ్రహంగా పోతే ఆ మర్యాదా దక్కుతుంది.

విదేశాంగ మంత్రిగా చేసి, ప్రధాని అయ్యాక పి.వి. నరసింహారావు 1991 ఉప ఎన్నికలో పార్లమెంటుకు వెళ్ళింది మా నంద్యాల నుంచే. ఆ లెక్కన ఆ శాఖకు మేం కొత్తవాళ్ళమేమీ కాదు.

మా చిరునామా మీద పాస్‌పోర్టు చకచకా వచ్చిన రోజు కూడా ఉంది. 2001లో, నంద్యాలా ఆళ్ళగడ్డా కర్నూలు జిల్లాలోనే ఉన్నప్పుడు, ముంబై పేలుళ్ళ కేసులో దేశం వెతుకుతున్న అబూ సలేం కర్నూలు చిరునామాతో రమిల్ కమిల్ మాలిక్ అయ్యాడు. అతని వెంట ఉన్న నటి మోనికా బేడీ సనా మాలిక్ కమాల్ అయింది. ఉద్యోగులు కాగితం మీద ఇల్లు చూశారు, కాగితం మీద మనిషిని చూశారు, సంతకం పెట్టారు. 2002 సెప్టెంబరులో లిస్బన్ పోలీసులు ఇద్దర్నీ పట్టుకున్నారు. రప్పించడానికి 2005 నవంబరు దాకా పట్టింది. 2006లో ఈ దొంగ పాస్‌పోర్టు కేసులో హైదరాబాద్ సీబీఐ కోర్టు మోనికాకు శిక్ష వేసింది. 2010లో సుప్రీంకోర్టు ఆమె దోషేనని ఖాయం చేసి, అనుభవించిన జైలు చాలంది. సలేంకు 2013లో ఏడేళ్ళు పడింది. ఆ కేసులో నిందితులుగా పోలీసు సిబ్బంది కూడా నిలబడ్డారు.

ఆ ఇద్దరికీ ఇంటిపేరు ముందో వెనకో అన్న చిక్కు రాలేదే! ఇంటికి తాళం ఉందని ఎవరూ రాసుకుపోలేదే! అధికారులారా, లేని మనిషి మీ విచారణలో చిరునామాలో దొరికాడు, ఉన్న మనిషి దొరకడా? తాతల నాటి నుంచి అదే వీధిలో ఉలి పట్టుకున్నవాడి మీద అనుమానం పెట్టుకుంటారు, మీ సొంత సంతకాల మీద మాత్రం పెట్టుకోరు. కొన్నవాడికి ఆ రోజు రాని అడ్డంకులన్నీ కొనలేనివాడికే ఎందుకొస్తాయి? చిప్పు పెట్టారు, యాప్ ఇచ్చారు. రోడ్డు దాటి పదడుగులు వేసి “ఆచారి గారూ, మీరేనా?” అని అడగడానికి ఏ యాప్ కావాలి? టీ ఖర్చులకు చేయి చాచేటప్పుడు ఏ యాప్ లేకుండానే ఇల్లు దొరుకుతోంది కదా!

1.46 కోట్లు మీ లెక్క. ఆ ఫైలు ఒక్కటి ఆయన లెక్క. అది ఎవరి బల్ల మీద ఉంది, ఏ అక్షరం కోసం ఆగింది, ఎప్పుడు కదులుతుంది, ఆయనకు కాగితం మీద రాసివ్వండి. ప్రతిష్ఠ ముహూర్తం దాటిపోతే ఆ విమానం టిక్కెట్టు డబ్బులు ఎవరు కడతారో కూడా అందులోనే రాయండి, కింద పేరూ హోదాతో సహా.