పచ్చ యను మాట

ఆకునకు గల వర్ణమును, పసుపుకొమ్మునకు గల వర్ణమును ఒక్క 'పచ్చ' యను మాటతో సరిపుచ్చిన మన పూర్వులకు వర్ణవివేకము చాలదని ఆక్షేపించువారు, పిస్తా ఐస్‌క్రీము తయారగు చోటికి ఒకమారు పోయి చూచినచో తమ మాటను వెనుకకు తీసికొనక తప్పదు. ఏలయన, టార్ట్రజీను అను పసుపుపచ్చ పొడియందు బ్రిలియంట్ బ్లూ అను నీలిపొడిని చిటికెడు కలిపినంతనే అచట ఆకుపచ్చ జనించును, ఆ పురిటికి పిస్తాపప్పు చుట్టపుచూపునకైనను రానక్కరలేదు.

మన 2011 నాటి నియమావళి ఆహారమున చేరనిచ్చిన కృత్రిమవర్ణములు 8. అందు స్వయముగ ఆకుపచ్చనిది ఫాస్ట్ గ్రీన్ ఒక్కటియే. దానిని అమెరికావారు ఆదరింతురు, ఐరోపా సమాఖ్యవారు గడప తొక్కనీయరు. ఒకే పదార్థము అట్లాంటిక్ సముద్రమున కొక గట్టున భక్ష్యమును, ఆవలిగట్టున అభక్ష్యమును అగుట మన ధర్మశాస్త్రకారులకైనను తోచని సూక్ష్మము.

అసలు దోషము పత్రహరితముదే. కాచినంతనే, పులుపు తగిలినంతనే అది తన గర్భమందలి మెగ్నీషియమును జారవిడిచి పాచిరంగునకు దిగును. ఆ ఖాళీపీఠమున రాగిని కూర్చుండబెట్టినచో మరల నిగనిగలాడును. ఊరగాయలు పచ్చబడుటకై రాగినాణెములు వేసి కాచుమని బోధించు వంటపుస్తకములను, 1820లో లండనునందు ఆకమ్ అను రసాయనవేత్త తన గ్రంథమున ఎండగట్టెను. మన బజారులవారు నాణెమును వృథాచేయు అమాయకులు కారు. పట్టునకును, తోలునకును అద్దు మలకైట్ గ్రీను, ఆహారమున నిషిద్ధమయ్యును, వారికి చవుకగనే దొరకును.

మొన్న మా వీథిలోనికి వచ్చిన బండిపై బఠాణీలు మరకతములవలె మెరయుచుండెను. "తెల్లారగట్ల తోటలో కోసినవండి బాబుగారూ, పచ్చివి!" అని బండివాడు పలికెను. గతవారము అతడే నానిన ఎండుబఠాణీని దాని సహజమైన పాలిపోయిన మొగముతో తెచ్చినప్పుడు పెదవివిరిచి పోయినవాడను నేనే కనుక, ఈ మారు మారుమాటాడక అరకిలో కొంటిని. నీటిలో వేసి అరగంట యుంచి చూడుమని ఆహారభద్రతాసంస్థవారు చెప్పిన పరీక్షను మా ఇంటావిడ చేసెను. గిన్నెలోని నీరు వరిమడివలె పచ్చబడెను. గింజలు గతవారపు మొగముతో మరల నావంక చూచెను. అందులో పచ్చిది ఏమైన మిగిలెనేమో యని వెదుకగా, బండివాని మాట యొక్కటి దొరకినది.