పులి నోట్లో కోచ్

ఇంగ్లండ్ రగ్బీ క్లబ్బు లీసెస్టర్ టైగర్స్‌కు ప్రత్యర్థి దొరక్కపోయినా ఫర్వాలేదు, హెడ్ కోచ్ దొరికితే చాలు. 2018లో సీజన్ తొలి మ్యాచ్‌లోనే ఎక్సెటర్ చేతిలో 40-6తో చిత్తయ్యారు. అంతే, మాట్ ఓకానర్‌కు ఉద్వాసన! ఫ్లాప్ సినిమానైనా హాల్లో వారం ఉంచుతారు కదండీ. ట్యాకిల్‌కు దిగి గాలిని కౌగిలించుకున్న ఆటగాళ్లంతా క్షేమం. తప్పంతా గీత బయట హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడ్డవాడిదే!

పోనీ, గెలిపిస్తే కుర్చీ నిలుస్తుందా? 2022లో టైటిల్ తెచ్చిన స్టీవ్ బోర్త్‌విక్‌ను ఆ ఏడాది చివరికే ఇంగ్లండ్ జట్టు ఎగరేసుకుపోయింది. తర్వాతొచ్చిన డాన్ మెకెల్లర్ ఎనిమిదో స్థానం చూపించి, ఒక్క సీజన్‌తోనే సెలవు పుచ్చుకున్నాడు. మైకేల్ చెయికా 2025లో ఫైనల్ దాకా లాక్కొచ్చాడు. బాత్ చేతిలో రెండే రెండు పాయింట్ల తేడాతో ఓటమి. ఆయనదీ ఏడాది కాపురమే!

ఇప్పుడు వంతు జెఫ్ పార్లింగ్‌ది. ఒకప్పుడు ఇదే క్లబ్బుకు ఆడినవాడు. మైదానంలో దారులన్నీ కొట్టినపిండి, ముఖ్యంగా బయటికెళ్లే గేటు!