తల్లికి గోలీ, బిడ్డకు డబ్బా

వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఏ ఊళ్లో దిగినా డాక్టరు దొరకడం కష్టం కావచ్చు గానీ, పాలిచ్చే తల్లికి సలహా చెప్పేవాళ్లకు కరువు లేదు. అత్తమ్మ, ఆడబిడ్డ, పక్కింటి పెద్దమ్మ, ఆరెంపీ, మెడికల్ షాపాయన, హైదరాబాద్ నుంచి ఫోన్లో మరిది. పొలం గట్టు దగ్గర గానీ పెళ్లి కట్నం దగ్గర గానీ వీళ్లలో ఏ ఇద్దరికీ మాట కలవదు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే తీర్పు: తల్లి గోలీ మింగిందా, బిడ్డకు పాలు బంద్. ఏం గోలీ అని అడగరు, ఎంత మోతాదని అడగరు, బిడ్డకెన్ని నెలలన్నది అసలే అడగరు. "ఇసం ఎక్కుతది" అంటే చాలు, విచారణ ముగిసినట్టే.

ఈ తీర్పు అమలయ్యే తీరు చూడాలంటే ఏదో ఒక మందుల దుకాణం ముందు పావుగంట నిలబడండి. ఒకామె వస్తుంది. ఒళ్లు కాలిపోతోంది, రొమ్ము ఒక పక్క రాయిలా గట్టిపడి ఎర్రగా సలుపుతోంది. కొంగు చాటున చెయ్యి అదిమిపెట్టుకుని చీటీ ఇస్తుంది.

"పాలిచ్చే తల్లివా అమ్మా?"

"అవునన్నా, మూన్నెల్ల పోరడు."

"అయితే ఐదు రోజులు పాలియ్యకు. ఇగో, ఈ డబ్బా తీస్కపో."

సలహా ఇచ్చిన నోరు, అరలోంచి డబ్బా తీసిన చెయ్యి ఒకే మనిషివి. ఈ దేశంలో శిశువుల పాలపొడికి ప్రచారం చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలని కూడా అదే చట్టం చెప్పింది. అచ్చు వేశారు. తల్లిపాలు మానమని చెప్పి చేతిలో పెడుతున్న డబ్బా మీద ఆ వాక్యం శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది.

ఇంతకీ ఆమెకు వచ్చినది పాల వాపు. దానికి జ్వరం గోలీ, అవసరమైతే యాంటీబయాటిక్‌తో పాటు డాక్టర్లు చెప్పే మొదటి మాట, ఆ రొమ్ముతో సహా బిడ్డకు పాలు ఇస్తూనే ఉండమని. ఆపితే పాలు నిలిచిపోయి వాపు ముదురుతుంది, చీము పట్టి గడ్డ కట్టవచ్చు, కోసి తీయాల్సి రావచ్చు. అంటే బిడ్డను కాపాడబోయి తల్లిని కత్తి కిందికి పంపే వైద్యం ఇది. పైగా మూన్నెల్ల బిడ్డకు నాలుగొందల గ్రాముల డబ్బా నాలుగైదు రోజులకు మించి రాదు. అందుకే రెండో డబ్బాకు పొడి తగ్గుతుంది, నీళ్లు పెరుగుతాయి. ఆ ఐదు రోజుల్లో బిడ్డ సీసాకు అలవాటు పడతాడు, తల్లికి పాలు తగ్గుతాయి. "దానికి పాలు పడలేదు" అని ఆ నేరం కూడా ఆమె మీదే రాస్తారు.

జ్వరం గోలీ సంగతి ఇంకా తమాషా. నెలన్నరకు సూదులు వేసిన రోజు ఏఎన్ఎమ్మ పారాసిటమాల్ ఇచ్చి, బిడ్డకు జ్వరమొస్తే పట్టమంటుంది. నాయనమ్మ దగ్గరుండి పట్టిస్తుంది. అదే మందును తల్లి మింగితే పాలలోకి వచ్చేది బిడ్డకు నేరుగా పట్టే మోతాదులో చిన్న భాగం. నేరుగా పోస్తే వైద్యం, పాలలో చుక్క కలిస్తే విషం!

ఈ న్యాయం నిజంగా పాటిస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. ఆపరేషన్ అయిన ప్రతి తల్లికీ నొప్పుల మందు, యాంటీబయాటిక్ పడతాయి. పడక తప్పదు. మరి ఈ రాష్ట్రంలో సగానికి పైగా పిల్లలు పుట్టిన రోజు నుంచే డబ్బా పట్టాలి కదా? అదే దవాఖానలో నర్సు "అమ్మా, పాలియ్యి" అని దబాయిస్తోంది. గేటు దాటి తాండూరు బస్సెక్కేసరికి ఆ మందులే విషమైపోతాయి కాబోలు.

పాలిచ్చే తల్లులు వాడొద్దని మందుతో వచ్చే కాగితం మీద అచ్చులోనే రాసి ఉంటుంది గదా అంటారు చదువుకున్న మరుదులు. రాసి ఉంటుంది, నిజమే. పాలిచ్చే తల్లుల మీద మందులను పరీక్షించడం అరుదు. పరీక్షించనిదానికి పూచీ ఎందుకని కంపెనీ వాడొద్దని రాసేస్తుంది. అది వకీలు రాయించిన మాట. డాక్టర్లు చూసే లెక్క వేరు: తల్లి బరువుకు తల్లి తీసుకున్న మోతాదు ఎంత, బిడ్డ బరువుకు పాల ద్వారా అందేది ఎంత. పదో వంతుకు లోపుంటే సాధారణంగా ఫరవాలేదంటారు. చాలా మందులు దానికి బాగా కిందే ఉంటాయి.

గోలీకి ఇంత గడగడలాడే ఇల్లు మిగతా వాటిని ఎలా చూస్తుందో కూడా చూడాలి. మాటలు తొందరగా రావాలని పసికందు నాలుకకు వస కొమ్ము అరగదీసి రాస్తారు. దాన్ని తినే వస్తువుల్లో కలపొద్దని అమెరికా 1968లోనే నిషేధించింది. ఇక్కడ దానికి చీటీ లేదు, మోతాదు లేదు, అనుమానం అసలే లేదు. బాలింతకు పాలు పడాలంటే కల్లు తాగించమనే పెద్దమ్మలూ ఉన్నారు. తల్లి రక్తంలో ఎంత మత్తుంటే పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. పాలు దిగడాన్ని అది అడ్డుకుంటుంది కూడా.

అది కూడా మంచి కల్లయితే సంగతి. 2021 జనవరిలో ఈ వికారాబాద్ జిల్లాలోనే కల్తీ కల్లు తాగి వందమందికి పైగా దవాఖానల పాలయ్యారు. తెలంగాణలో కల్తీ కల్లంటే అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపినది. డైజీపామ్ పాలలోకి దిగి పసిబిడ్డ ఒంట్లో పేరుకుంటుంది. బిడ్డ మత్తుగా పడి ఉంటాడు, పాలకు లేవడు. "మంచిగ పండుకుంటుండు" అని ఇల్లంతా సంతోషం. గోలీ వద్దన్న చేత్తోనే గోలీలు కరిగించిన సీసా అందించారన్నమాట!

ఈ ప్రాంతంలోనే ఈ మూఢత్వానికి జవాబు ఉంది. నిజాం కాలంలో అనంతగిరి కొండ మీద గాలి మంచిదని క్షయ రోగులకు దవాఖాన కట్టారు. అప్పటికి ఇప్పుడున్న గోలీలు లేవు, ఐసోనియాజిడ్ వచ్చిందే 1952లో. ఇప్పుడు మామూలు టీబీకి ఆరు నెలలు గోలీలు మింగుతూనే తల్లి పాలివ్వవచ్చు. తల్లి మూతికి గుడ్డ కట్టుకుంటుంది, బిడ్డను పరీక్షించి ముందు జాగ్రత్త మందు వేస్తారు. మొండి టీబీ అయితే డాక్టరు విడిగా నిర్ణయిస్తారు. అన్నిటికన్నా నవ్వొచ్చే సంగతి: పాలలో వచ్చే టీబీ మందు ఎంత తక్కువంటే, అది బిడ్డకు హాని చేయడం అటుంచి, బిడ్డకు టీబీ రాకుండా ఆపడానికి కూడా చాలదు. అందుకే బిడ్డకు వేరుగా వేయాలి. అయినా రిఫాంపిసిన్ అనే టీబీ మందుతో మూత్రం నారింజ రంగులో రాగానే, పాలు కూడా చెడ్డాయని ఇంట్లో శోకాలు. కొందరు తల్లులు పాలు ఆపరు గానీ గోలీలు ఆపేస్తారు, బిడ్డ కోసం. థైరాయిడ్ గోలీ, బీపీ గోలీ, ఫిట్స్ గోలీ ఆపేసే తల్లులదీ అదే దారి. ఫిట్స్ గోలీ ఆపిన తల్లి చేతిలో బిడ్డ ఉండగానే పడిపోతే ఆ సలహా ఇచ్చిన మరిది ఫోన్ ఎత్తడు.

పాలు ఆపాల్సిన మందులు లేవని కాదు. క్యాన్సర్ మందులు, రేడియో అయోడిన్, కోడీన్, గుండె లయకు వాడే అమియోడరోన్ లాంటివి ఉన్నాయి. వాటి జాబితా చిన్నది, దాన్ని చూసి చెప్పాల్సింది డాక్టరు. చాలాసార్లు వాటికీ బదులు మందు దొరుకుతుంది.

కాబట్టి తల్లులారా, చీటీ రాసేటప్పుడే "డాక్టర్ సాబ్, నేను పాలిస్తున్నా, బిడ్డకు ఇన్ని నెలలు" అని చెప్పండి. తర్వాత ఎవరైనా పాలు మానమంటే గొడవ పడొద్దు. ఏ మందు, ఎందుకు, ఎన్ని రోజులని అదే చీటీ మీద రాసి, కింద సంతకం పెట్టమనండి.