రెండు బ్రేకుల బాబాయ్

ముప్పాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళల్లో వాన వెలిసిందంటే డొంకలో ఏదో ఒక కారు దిగబడాల్సిందే. అది దిగబడ్డ కాసేపటికి బాబాయ్ రావాల్సిందే. ఆయనకి ఎవరూ కబురు పెట్టరు. చక్రం ఉత్తినే తిరిగే చప్పుడు ఎంత దూరాన్నుంచైనా ఆయన చెవికి ఆనుతుంది. లుంగీ ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వస్తాడు గానీ బురదలో అడుగు పెట్టడు. పని చెప్పేవాడు గట్టున ఉండాలి, చేసేవాడు బురదలో ఉండాలన్నది ఆయన సిద్ధాంతం.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చింది. ఈ ఊళ్ళకి గుంటూరు జిల్లా పేరు పోయింది గానీ నల్లరేగడి బుద్ధి మారలేదు. ఎండాకాలం నెర్రెలిచ్చి కాలు పట్టుకుంటుంది, వానాకాలం బండినే పట్టుకుంటుంది. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు గాడులన్నీ రేగడితో పూడిపోతాయి. ఆపైన కొత్త టైరూ ఒకటే, అరిగిన టైరూ ఒకటే.

"రేస్ ఇవ్వబ్బాయ్!" అంటాడు బాబాయ్. హైదరాబాదు నుంచి అత్తారింటికొచ్చిన కుర్రాడు రేస్ ఇస్తాడు. ఎడమ చక్రం రివ్వున తిరిగి, పక్కనున్న బావమరిది తెల్లచొక్కాని నల్లచొక్కా చేస్తుంది. కుడి చక్రం ఉలకదు పలకదు.

"చూశావా? బలమంతా ఆ తిరిగేదే తినేస్తంది. రెండోదానికి అందట్లా."

చూసేవాడికి అట్లాగే ఉంటుంది. నిజానికి చక్రాలకి బలం పంచే డిఫరెన్షియల్ ఎవరికీ పక్షపాతం చెయ్యదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి గనక, రెండు చక్రాల్నీ వేరే వేరే వేగాల్లో తిరగనిస్తుంది. 1820ల చివర్లో ఫ్రాన్సులో పెకర్ అనే గడియారాల పనివాడు ఆవిరిబండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. తిప్పే బలాన్ని మాత్రం ఇది రెండు పక్కలకీ చెరిసగం పంచుతుంది. చిక్కంతా ఆ న్యాయంలోనే ఉంది. బండలాగుడు పందెంలో ఒక ఎద్దు కాలు జారిందనుకోండి, రెండోది ఎంత గట్టిదైనా కాడి అడ్డం తిరుగుతుందే గానీ బండ ముందుకు రాదు. ఇక్కడా అంతే. బురదలో జారే చక్రం ఎంత బలం ఆపుకోగలదో, గట్టినేల మీదున్న చక్రానికీ అంతే వస్తుంది. అది కారుని కదిలించడానికి చాలదు. మిగిలేది తిరుగుడు. ఒక చక్రం ఆగిపోతే రెండోది, డిఫరెన్షియల్‌ని తిప్పే క్రౌన్ అనే పళ్ళచక్రం వేగానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది. రేస్ ఇచ్చినకొద్దీ గొయ్యి లోతవుతుంది, బాబాయ్ గొంతు పెరుగుతుంది.

కలుపుకి పోయి వస్తున్న ఒకావిడ ఆగి, "ఆ తిరిగే చక్రం కింద నాలుగు పత్తికట్టెలు వెయ్యరాదూ?" అంటుంది. జారే చక్రానికి పట్టు దొరికితే రెండు చక్రాలకీ బలం పెరుగుతుంది. అంతకు మించిన వైద్యం లేదు.

"నువ్వు పోమ్మా, ఇది బండి యవ్వారం," అని బాబాయ్ రెండో ఉత్తర్వు జారీ చేస్తాడు: "నలుగురు డిక్కీ మీద కూచోండ్రా!" కూచుంటారు. వెనక దిగుతుంది, ముందు లేస్తుంది. ఈ కారుకి ఇంజను బలం అందేది ముందు చక్రాలకే. ఉన్న కాస్త పట్టూ పోతుంది.

మూడోది అసలైన అస్త్రం. "ఎడమ బ్రేకు తొక్కబ్బాయ్!"

కుర్రాడు కాళ్ళ కిందికి వంగి వెతుకుతాడు. ఉన్నది ఒకటే బ్రేకు.

బాబాయ్ అబద్ధం చెప్పలేదు. ఆయన చెప్పిందల్లా ట్రాక్టరు శాస్త్రం. ట్రాక్టరుకి బలం వెనక చక్రాలకి పోతుంది, కాబట్టి బరువు వెనకే పడాలి. దానికి కుడికీ ఎడమకీ వేరే బ్రేకులుంటాయి. జారే చక్రానికి బ్రేకు వేస్తే, డిఫరెన్షియల్ రెండో చక్రానికీ అంత బలం ఇవ్వక తప్పదు. ఇప్పుడొచ్చే చాలా కార్లలో ఆ పని ట్రాక్షన్ కంట్రోల్ చేస్తుంది. ఏ చక్రం వేగంగా తిరుగుతుందో సెన్సార్లతో కనిపెట్టి దాన్నే పట్టుకుంటుంది. ఈ సంగతి కుర్రాడికీ తెలీదు, బాబాయ్‌కీ తెలీదు.

చివరికి బాబాయ్ ఇంటికెళ్ళి ట్రాక్టరు తెస్తాడు. సీటెక్కాక మాత్రం మనిషి వేరు. నోట మాట ఉండదు. మోకు బంపరుకి కట్టబోయిన బావమరిదిని కసిరి, కారు టూల్ కిట్‌లోంచి కొక్కెం తీయించి బిగింపిస్తాడు. బురదలోకి పోకముందే, చక్రాలు జారకముందే, డిఫరెన్షియల్ లాకు తొక్కుతాడు. దాంతో రెండు వెనక చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. రేస్ పెంచడు. మోకు బిగిసేదాకా క్లచ్ మెల్లగా వదులుతాడు. గట్టు ఎక్కి, మలుపు తిప్పేముందు లాకు వదిలేస్తాడు. లాకు మీద మలుపు తిప్పితే ఏ పళ్ళు ఊడతాయో ఆయనకి తెలుసు.

కారు బయటపడుతుంది. కుర్రాడు డబ్బులివ్వబోతే బాబాయ్‌కి కోపమొస్తుంది. ట్రాక్టరు దిగుతాడు, గట్టెక్కుతాడు, మళ్ళీ మాటొస్తుంది.

"డబ్బులు దాచుకోబ్బాయ్. ఈసారి కొనేటప్పుడు కాస్త ఎక్కువైనా సరే, రెండు బ్రేకులున్న కారు కొనుక్కో."